ఎడమ చెవికి త-ది, కుడి చెవికి క-మి: ‘ఐ ఫీల్ లవ్’ని వినే పద్ధతి

అమెరికన్ గాయని డోనా సమ్మర్ పాడిన డిస్కో పాట ‘ఐ ఫీల్ లవ్’ మొదలై అర నిమిషం గడిచాక కుడి చెవి హెడ్‌ఫోన్ తీసేసి, ఎడమ చెవితో మాత్రమే వినండి. బేస్, అంటే కింది స్వరాల వరస, నిలకడగా అడుగులు వేస్తుంటుంది, అడుగుకీ అడుగుకీ మధ్య కాస్త ఖాళీ వినిపిస్తుంది. ఇప్పుడు ఎడమది తీసి కుడిది పెట్టుకోండి. అవే స్వరాలు, అదే క్రమం. కానీ ఒక్కో స్వరం పడాల్సిన చోటు దాటి, ఇందాకటి ఖాళీల్లో పడుతుంది. చతురశ్ర నడకలో తకదిమి అనుకుంటే ఎడమ చెవికి అందేది త, ది. కుడి చెవికి అందేది క, మి. రెండూ పెట్టుకుంటే ఆ ఖాళీ పూడిపోతుంది. ఎవరూ వాయించని పూర్తి తకదిమి తల మధ్యలో ఎక్కడో తిరగడం మొదలవుతుంది.

ఈ చిన్న పరీక్ష చేయకుండా ఈ పాట గురించి ఎంత చదివినా లాభం లేదు. ఇందులోని మత్తుకూ గుబులుకూ సగం కారణం ఇక్కడే ఉంది. మిగతా సగం కంఠంలో ఉంది.

డిస్కో అనగానే తెలుగు శ్రోతకు గుర్తొచ్చేది ఎక్కువగా బప్పీ లహరి తరహా సందడి. 1986లో ‘సింహాసనం’తో ఆయన తెలుగుకి వచ్చేనాటికే ఆ ముద్ర స్థిరపడింది: బాకాలు, వయొలిన్ల గుంపు, కోరస్ కేకలు, మెరిసే దుస్తులు. అమెరికాలో 1970ల నడిమి కాలపు డిస్కో కూడా చాలావరకు అంతే. ఫిలడెల్ఫియా స్టూడియోల్లో పదుల సంఖ్యలో వాద్యకారులు కూర్చుని వాయించిన నిండైన సంగీతం అది. 1977లో జర్మనీలోని మ్యూనిక్ నుంచి వచ్చిన ఈ రికార్డులో వయొలిన్లు లేవు, బాకాలు లేవు, గిటార్ లేదు. విద్యుత్తుతో స్వరాలు పుట్టించే మోగ్ మాడ్యులర్ సింథసైజర్, పాదంతో మోగించే ఒక కిక్ డ్రమ్, ఒక కంఠం. ఇంత తక్కువ సరంజామాతో నాట్యశాలను నింపడం అప్పటికి వింత. నింపుతూనే ఒంటరితనం ధ్వనించేలా చేయడం ఇంకా పెద్ద వింత.

ఇది పుట్టింది ఒక ఆల్బమ్ చివరి పాటగా. నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ కలిసి ‘ఐ రిమెంబర్ యెస్టర్డే’ ఆల్బమ్‌ను కాలయాత్రలా మలిచారు. మొదటి సైడు 1940ల స్వింగ్ బాణీతో మొదలై 1950లు, 60ల మీదుగా సాగుతుంది. రెండో సైడు సమకాలానికి వచ్చి, చిట్టచివర భవిష్యత్తులోకి అడుగు పెడుతుంది. ఆ భవిష్యత్తు పాటే ఇది. గడిచిన కాలాలకు ఆనాటి వాద్యాలు వాడారు కనుక రాబోయే కాలానికి యంత్రాన్నే వాడాలని మొరోడర్ ఆలోచన. తీరా సింగిల్‌గా తెచ్చినప్పుడు దీన్ని ‘బి’ సైడుకు నెట్టారు. డీజేలు రికార్డు తిరగేసి వాయించడం మొదలుపెట్టాకే పైకొచ్చింది. బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది, అమెరికాలో ఆరో స్థానం దాకా వెళ్ళింది.

ఇక దాన్ని కట్టిన తీరు. మ్యూనిక్‌లో ఒక హోటల్ భవనం నేలమాళిగలోని మ్యూజిక్‌లాండ్ స్టూడియోలో పని జరిగింది. మోగ్ స్టూడియోది కాదు, స్వరకర్త ఎబర్‌హార్డ్ షూనర్‌ది. దాన్ని నడపడం తెలిసిన మనిషి ఆయన సహాయకుడు రాబీ వీడెల్. మొరోడర్ బాణీ చెబితే, దాన్ని యంత్రం నోట పలికించింది వీడెలే. ఈ రికార్డు గురించి మాట్లాడేవాళ్ళు ఆ పేరు మర్చిపోవడం అన్యాయం.

ఆ మోగ్ గోడకు ఆనించిన బీరువా అంత ఉంటుంది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. అందులోని సీక్వెన్సర్‌లో వరసగా మెట్లుంటాయి. ఒక్కో మెట్టుకు ఒక్కో నాబ్ తిప్పి, ఎంత వోల్టేజీ వెళ్ళాలో పెడతారు. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. గడియారపు టిక్కుల్లా వచ్చే పల్సులు ఒక్కో మెట్టునూ ముట్టుకుంటూ పోతే, పెట్టిన స్వరాలు వరసగా, అలుపు లేకుండా తిరుగుతూనే ఉంటాయి. ఆ వరసకు కీబోర్డు నుంచి ఇంకొంత వోల్టేజీ కలిపితే, క్రమం చెడకుండా వరస మొత్తం పై శ్రుతికి జరుగుతుంది. పాటలో బేస్ ఒక్కసారిగా వేరే మెట్టెక్కినట్టు వినిపించే చోట్ల జరిగేది ఇదే.

అసలు వరస దరువుకు రెండు స్వరాల చొప్పున నడుస్తుంది. దానికి డిలే, అంటే అదే ధ్వనిని కాస్త ఆలస్యంగా మళ్ళీ పలికించే పరికరం, తగిలించారు. పాట వేగం నిమిషానికి సుమారు 127 దరువులు అనుకుంటే ఒక దరువు నిడివి 0.47 సెకను, అందులో నాలుగో వంతు దాదాపు 0.12 సెకను. అంత ఆలస్యంతో వచ్చిన ప్రతిధ్వని సరిగ్గా రెండు స్వరాల నడుమ కూర్చుంటుంది. అసలు ధ్వనిని ఎడమకు, ప్రతిధ్వనిని కుడికి పంపారు. ఇక్కడ లెక్క కొంచెం తప్పినా పాట లేదు. డిలే 0.12కి బదులు 0.15 అయితే ప్రతిధ్వని తర్వాతి స్వరం మీదకు తోసుకొచ్చి నడక కుంటుతుంది. 0.09కి తగ్గితే గుర్రం దౌడులా ఒరిగిపోతుంది. పాట అంతటా వేగం వెంట్రుకవాసి మారకూడదన్న షరతు కూడా అందువల్లే వచ్చింది. ఆ షరతును 1977లో మనుషుల చేతులు తీర్చలేవు. యంత్రం కూడా ఊరికే తీర్చలేదు.

మోగ్‌లో స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లు, అంటే ఆసిలేటర్లు, వేడికి శ్రుతి తప్పుతాయి. కొద్దిసేపు నడిస్తే చాలు, స్వరం జారిపోతుంది. అందుకే ఇరవై ముప్పై సెకన్లు రికార్డు చేయడం, ఆపడం, శ్రుతి సరిచేయడం, మళ్ళీ అక్కడి నుంచి అందుకోవడం. ఒక్కో పొరకీ ఇదే తంతు. ఇన్ని ముక్కలు ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా అతకాలంటే ఏదో ఒక ఆధారం కావాలి. వీడెల్ చేసిన పని ఇదీ: 16 ధ్వనులను పక్కపక్కన విడివిడిగా ఎక్కించగల 16 ట్రాకుల టేపులో ఒక ట్రాకును పాటకు వాడకుండా వదిలి, దాని మీద తాళం పల్సును మాత్రమే ఎక్కించాడు. తర్వాత వేసే ప్రతి పొరకూ సీక్వెన్సర్‌ను ఆ టేపు పల్సే నడిపింది. కచేరీలో తాళం వేసే చేయి కనిపిస్తుంటే గాయకుడూ మృదంగమూ కలిసినట్టు, ఇక్కడ పొరలన్నీ ఆ వినిపించని ట్రాకును చూసుకుంటూ కలిశాయి.

హై-హ్యాట్ తాళాలు, స్నేర్ డ్రమ్ అనిపించే చప్పుళ్ళు కూడా మోగ్‌వే. నీటి హోరులాంటి వైట్ నాయిస్‌ను ఫిల్టర్‌తో వడగట్టి, చిన్న చిన్న ముక్కలుగా కత్తిరిస్తే ‘చ్’ అనే ఆ పొడి శబ్దం వస్తుంది. కిక్ దగ్గర మాత్రం యంత్రం ఓడిపోయింది. గుండెకు తగిలే బరువు మోగ్ నుంచి రాలేదు. అప్పుడు డ్రమ్మర్ కీత్ ఫోర్సీని కూర్చోబెట్టి కిక్ ఒక్కటే వాయింపజేశారు. అంటే మొదటి యంత్ర డిస్కోగా పేరుపడ్డ ఈ పాటలో అన్నిటికంటే యాంత్రికంగా వినిపించే దరువు ఒక మనిషి పాదానిది. ఇది తెలిశాక మళ్ళీ వినండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య అతి స్వల్పమైన తేడా చెవికి పట్టుబడకపోయినా శరీరానికి తెలుస్తుంది. ఇప్పటి కంప్యూటర్లో ఇదే బేస్ వరసను అరగంటలో కట్టేసి, ‘ఎందుకో అసలులా లేదు’ అని తల పట్టుకునేవాళ్ళు సాధారణంగా పోగొట్టుకునేవి రెండు: ఈ పాదం, ఆసిలేటర్ కాస్త కాస్త జారే ఆ జారుడు. గడి గీసినట్టు కచ్చితంగా పెట్టిన కిక్ కింద ఈ వరస ఫ్యాక్టరీ చప్పుడైపోతుంది. చేతనైతే కిక్‌ను పెడల్‌తో వాయించి రికార్డు చేయాలి, లేదా ప్రతి దెబ్బనూ రెండు మూడు మిల్లీసెకన్లు అటూ ఇటూ జరపాలి. ఆసిలేటర్‌కు రెండు మూడు సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) మెల్లని ఊగిసలాట ఇవ్వాలి.

ఇక గుబులు ఎక్కడి నుంచి వస్తోంది? బేస్ వరస ప్రధానంగా మూడు స్వరాలది. పాశ్చాత్య పేర్లలో సి, జి, బి-ఫ్లాట్. మన లెక్కలో షడ్జమం, పంచమం, కైశికి నిషాదం. గాంధారం లేదు. పాట వెలుగులో ఉందో నీడలో ఉందో చెప్పే స్వరం గాంధారమే. అంతర గాంధారం పడితే తెరిపి, సాధారణ గాంధారం పడితే దిగులు. ఆ ఒక్కటీ బేస్ నోట రాదు కనుక వినేవాడి మనసు ఎటూ తేల్చుకోదు. తంబురా కూడా షడ్జ పంచమాలే మోగిస్తూ భావాన్ని రాగానికి వదిలేస్తుంది. అయితే తంబురా శ్రుతి కచేరీ అంతా కదలదు. ఇక్కడ చాలాసేపు ఒకే శ్రుతిలో నిలిచిన బేస్ ఉన్నట్టుండి ఈ-ఫ్లాట్‌కు, అక్కడి నుంచి ఎఫ్‌కు, జికి మొత్తంగా జరుగుతుంది. ‘సి’ని షడ్జంగా పట్టుకున్న చెవికి ఆ మొదటి జరుగుడు సాధారణ గాంధారం మీదకు. ఇందాకటి దాకా దాచిపెట్టిన దిగులు స్వరం ఇప్పుడు నేలగా మారి కాళ్ళ కిందకు వస్తుంది. గది దీపాలు కాస్త తగ్గించినట్టు ఉండే ఆ క్షణం ఈ రికార్డులో అన్నిటికంటే విలువైనది.

దాని మీద కంఠం. డోనా సమ్మర్ బోస్టన్ చర్చిలో పాడుతూ పెరిగిన మనిషి. 1968లో ‘హెయిర్’ నాటకం కోసం మ్యూనిక్ వచ్చి అక్కడే స్థిరపడి మొరోడర్, బెలోట్‌లకు దొరికింది. గొంతు చించుకుని పాడగల బలం ఆమెకు పుష్కలంగా ఉంది. ఇక్కడ దాన్ని వాడలేదు. పై స్థాయిలో, తేలికగా, గాలి ఎక్కువగా కలిపి పాడింది. మాటలు గుప్పెడే, చాలావరకు ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది. బేస్ ఒక్కో దరువుకు నాలుగేసి స్వరాలు గుచ్చుతుంటే ఆమె ఒక్క స్వరాన్ని నాలుగు దరువుల పాటు, అంటే దాదాపు రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది. ఆ ఒక్క స్వరం కింద 16 బేస్ స్వరాలు గడిచిపోతాయి. వేగంగా పోయే రైలు కిటికీలోంచి దూరపు కొండను చూసినట్టు ఉంటుంది: దగ్గరి స్తంభాలు దూసుకుపోతాయి, కొండ మాత్రం కదలదు. పాటలో చెప్పేది ఆనందం, అనుభవం, సాన్నిహిత్యం. వినిపించే దూరం మాత్రం పెద్దది. ఈ రికార్డు మూడ్ ఆ దూరంలోనే ఉంది. అందుకే సంబరపు పాటగా విన్నవాళ్ళకూ, రాత్రి ఒంటరిగా విన్నవాళ్ళకూ వేరు వేరు పాటలు వినిపించాయంటే ఇద్దరిదీ నిజమే.

ఏది వినాలన్నది తర్వాతి ప్రశ్న. ఆల్బమ్ రూపం 5 నిమిషాల 53 సెకన్లు. రేడియో కోసం కత్తిరించిన సింగిల్ నాలుగు నిమిషాల లోపే. ఆల్బమ్ అంత పెద్ద రికార్డు మీద ఒకటి రెండు పాటలే ఉండే పన్నెండంగుళాల సింగిల్‌పై వచ్చినది 8 నిమిషాల 15 సెకన్లు. కొత్తగా వినేవాళ్ళు చేసే పొరపాటు సింగిల్‌తో సరిపెట్టుకోవడం. ఈ పాట పని చేసేది కాలం మీద. మార్పు లేని బేస్‌కు చెవి అలవాటుపడి, దాన్ని వినడం మానేసి, దాని మీద తేలడం మొదలుపెట్టడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. చిన్న రూపం అక్కడికే ముగింపు దారి పడుతుంది. మొదటి వినికిడికి 8 నిమిషాల రూపమే సరైనది. యాప్‌లలో వెతికేటప్పుడు నిడివి చూసి ఎంచుకోవాలి. 1995లో రీమిక్సులతో మళ్ళీ విడుదల చేసినవి కూడా అదే పేరుతో కనిపిస్తాయి. వాటిలో కంఠం కూడా కొత్తగా పాడినదే. చెడ్డవని కాదు, పైన చెప్పిన మ్యూనిక్ మాయ వాటిలో ఉండదు.

వినే సాధనంలో దొర్లే తప్పులు ఈ పాటను మిగతా పాటల కంటే ఎక్కువ దెబ్బతీస్తాయి. ఒకే డబ్బాలో ఉండే బ్లూటూత్ స్పీకర్‌లో ఎడమా కుడీ కలిసిపోతాయి. తకదిమి వినిపిస్తుంది కానీ తల చుట్టూ తిరగదు. కొన్ని ఫోన్ల సెట్టింగుల్లో ‘మోనో ఆడియో’ ఆన్ అయి ఉంటుంది, ముందు అది చూసుకోవాలి. ఫోన్ సొంత స్పీకర్‌తో వింటే ఫోర్సీ కిక్ దాదాపు పోతుంది. దాని బరువంతా 100 హెర్ట్జ్‌కు దిగువన ఉంటే, ఆ చిన్న స్పీకర్ అంత లోతుకు దిగలేదు. వైరున్న ఇయర్‌ఫోన్ పిన్ను సాకెట్లో సరిగా దిగకపోతే ఇంకో వింత జరుగుతుంది: రెండు పక్కలా సమానంగా ఉన్నది రద్దయి, తేడా మాత్రమే మిగులుతుంది. కంఠం, కిక్ నీళ్ళ అడుగుకు పోయినట్టయి, బేస్ మాత్రం రెట్టింపు స్పష్టంగా మిగులుతుంది. రికార్డింగే అలా ఉందనుకుని మోసపోవచ్చు. పిన్ను కాస్త తిప్పి నొక్కితే సరి.

స్పీకర్లయితే రెండింటి మధ్య దూరం ఎంతో, ఒక్కోదాని నుంచి వినేవాళ్ళ దూరమూ అంతే ఉండాలి. మామూలు గదికి రెండేసి మీటర్లు చాలు. ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే దగ్గరి స్పీకర్‌లోని సగం వరసే పైచేయి అవుతుంది. నాట్యశాలలోనూ అంతే. ఎడమ స్పీకర్ దగ్గర నిలబడ్డవాళ్ళకు త-ది, కుడి పక్కవాళ్ళకు క-మి ముందుకొచ్చి, ఒకే పాటకు అడుగులు తేడాగా పడతాయి. ధ్వని, గొంతు కాస్త పెంచి మాట్లాడుకోవాల్సినంత ఉంటే బాగు. మరీ తగ్గిస్తే మన చెవి స్వభావం వల్లే కిందిస్వరాలు ముందుగా మాయమవుతాయి.

వినైల్ రికార్డు మీద వినేవాళ్ళకు ఒక చిక్కు ఉంది, అది ఆల్బమ్ అమరికలోనే ఉంది. ఈ పాట రెండో సైడు చివరిది, అంటే లేబుల్ పక్కన, లోపలి గాళ్ళలో ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో బయటి అంచున ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి పరుగెడితే, కేంద్రం నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో 21 సెంటీమీటర్లే పరుగెడుతుంది. అదే ధ్వనిని సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలి. ఫలితంగా ‘చ్’ అనే నాయిస్ హై-హ్యాట్, కంఠంలోని ‘స’కారాలు గరుకెక్కుతాయి. పన్నెండంగుళాల సింగిల్‌లో ఈ పాటకు వెడల్పైన చోటు దొరుకుతుంది. అందుకే వెతికి కొనేవాళ్ళు ఆల్బమ్ కంటే దాన్నే ఎంచుకుంటారు. అలాంటి సింగిళ్ళు 33⅓ మీదా ఉంటాయి, 45 మీదా ఉంటాయి. ముల్లు దించేముందు లేబుల్ చూడాలి.

ఆల్బమే ఉంటే చేయగలిగింది లేకపోలేదు. ముల్లును పట్టుకునే కార్ట్రిడ్జి అమరికను ప్రొట్రాక్టర్ అనే కొలత పలక పెట్టి సరిచూడాలి. ఎక్కువగా వాడే బేర్‌వాల్డ్ అమరికలో కేంద్రం నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర ముల్లు గాడికి సూటిగా ఉండాలి. 66 దగ్గరిదాన్ని నిర్లక్ష్యం చేస్తే నష్టపోయేది చివరి పాటే. ముల్లు బరువు తయారీదారు చెప్పిన పరిధిలో పై కొసకు దగ్గరగా పెట్టాలి. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జిలకు అది సాధారణంగా 2 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. రికార్డు అరుగుతుందన్న భయంతో బరువు తగ్గిస్తారు చాలామంది. తేలికైన ముల్లు గాడిలో ఎగిరి పడి గోడలను ఇంకా ఎక్కువ చెక్కుతుంది. గుండ్రటి ముల్లు కంటే కోలగా చెక్కినది ఇరుకు గాడిలోకి బాగా దిగుతుంది.

పాత ప్రతి కొనేటప్పుడు చుక్కలు, గీతలు చూడటం అందరూ చేసేదే. ఈ పాటకు ప్రత్యేకంగా చూడాల్సింది నడిమి రంధ్రం. అది ఇసుమంత పక్కకు ఉంటే చుట్టుకొకసారి, అంటే ప్రతి 1.8 సెకన్లకు స్వరం పైకీ కిందకీ ఊగుతుంది. గిటారూ వయొలిన్లూ ఉన్న పాటలో అది కలిసిపోవచ్చు. నిలువునా సాగే సింథ్ స్వరంలో, రెండు సెకన్లు పట్టి ఉంచిన కంఠంలో దాక్కోలేదు. కార్ట్రిడ్జిని మోసే చేయి, అంటే టోన్ ఆర్మ్, కదలికను ముందు నుంచి చూస్తే చాలు. దాని ముల్లున్న కొస చుట్టుచుట్టుకూ ఎడమకీ కుడికీ ఊగుతుంటే ఆ ప్రతి వదిలేయాలి. టర్న్‌టేబుల్ వేగం ఒక్క శాతం ఎక్కువున్నా పాట 127 నుంచి 128 దాటిపోతుంది, శ్రుతి 17 సెంట్లు పెరుగుతుంది. ఈ పాట చూపించే నింపాదికి ఆ కాస్త తొందర కూడా చెరుపు.

సాధనం కుదిరాక వరసగా మూడుసార్లు వినవచ్చు, ఒక్కోసారి ఒక్కదాన్నే పట్టుకుని. మొదట కిక్ వెంట మాత్రమే నడవాలి. చేత్తో తొడ మీద తాళం వేస్తే తొందరగా పట్టు దొరుకుతుంది. రెండోసారి బేస్ శ్రుతి మారే చోట్లు లెక్కపెట్టాలి. ఎంతసేపు ఆగి మారుతోందో గమనిస్తే, ఆ నిరీక్షణే ఉత్కంఠ అని తెలుస్తుంది. మూడోసారి కంఠం లేని చోట్లు వినాలి. ఆమె తప్పుకున్న వెంటనే యంత్రం ఒక్కసారిగా పెద్దదై, చల్లబడుతుంది. తిరిగి వచ్చినప్పుడు మొదటి మాట కంటే ముందు ఊపిరి వినిపిస్తుందేమో చూడండి.

ఈ దారిలో ఎక్కువ దూరం వెళ్ళాలనుకుంటే శాన్‌ఫ్రాన్సిస్కో సంగీతకారుడు పాట్రిక్ కౌలీ 1978లో చేసుకున్న మిక్స్ ఉంది. బేస్ వరసను టేపు మీద చుట్టుచుట్టి పొడిగిస్తూ, పైన తన సింథసైజర్ జోడిస్తూ పాటను 15 నిమిషాలు దాటించాడు. నాలుగేళ్ళు డీజేల చేతుల్లో రహస్యంగా తిరిగి 1982లో అధికారికంగా విడుదలైంది. ఆ ఏడాదే కౌలీ ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. అప్పటికి ముప్పై రెండేళ్ళు. ఆ మిక్స్‌లో కంఠం చాలాసేపు కనిపించకుండా పోయే నడిమి భాగముంది. త-ది, క-మి మాత్రం ఆగవు. పైన లోహపు చప్పుళ్ళు దూరం నుంచి లేచి, దగ్గరకొచ్చి, మళ్ళీ ఆరిపోతాయి. డోనా సమ్మర్ తిరిగి వచ్చేసరికి, ఆమె వెళ్ళిపోయిన సంగతి అప్పుడు గుర్తొస్తుంది.